పిల్లల పన్ను క్రెడిట్ గురించి లావణ్యకు పెద్దమ్మ లేఖ

చి.ల.సౌ. లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోనులో, "ఒకే ఇంట్లో పెరుగుతున్న ఇద్దరు పిల్లల్లో చిన్నదానికి 2,200 డాలర్ల పన్ను క్రెడిట్, పెద్దవాడికి 500 డాలర్లా పెద్దమ్మా, ఆ 500 కూడా కిందటేడు మాకు రాలేదు" అని నువ్వన్నప్పుడు నీ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది. అప్పటికి తోచింది చెప్పాను గానీ, ఇలాంటివి కాగితం మీద ఉంటే నువ్వూ అల్లుడూ కలిసి కూర్చుని ఒక్కొక్కటే చూసుకోవచ్చునని తీరిగ్గా రాస్తున్నాను. ఏప్రిల్ 15కు ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడు మొదలుపెడితే ఆ సమయం సరిపోతుంది.

నీ బాధ న్యాయమైనదే. ఇద్దరు పిల్లలకూ తిండి, బట్ట, వైద్యం ఒకే జీతంలోంచి రావాలి, ఆ జీతంలోంచి పన్ను మాత్రం కోత పడుతూనే ఉంటుంది. అయితే అమెరికా పన్నుల చట్టం ఈ పిల్లల పన్ను క్రెడిట్ విషయంలో, అంటే పిల్లలున్న కుటుంబాలకు పన్నులో ఇచ్చే తగ్గింపు విషయంలో, మన ఖర్చును లెక్కలోకి తీసుకోదు. పిల్లవాడికి ఏ నెంబరు ఉంది, అది ఏ తేదీలోపు జారీ అయింది అన్నవే చూస్తుంది. ఉచితంగా రిటర్నులు నింపిపెట్టే కేంద్రంలో పన్నెండేళ్లు పనిచేసిన దానిగా చెబుతున్నాను, అర్హత ఉండి కూడా డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలలో చాలామంది ఈ నెంబరు దగ్గరో, ఈ తేదీ దగ్గరో తడబడినవారే.

ఈ క్రెడిట్ 1997 నాటి చట్టంతో వచ్చింది. 1998లో పిల్లవాడికి 400 డాలర్లుగా మొదలై క్రమంగా 1,000కి పెరిగింది. 2017 పన్ను సంవత్సరం వరకు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నెంబరుకు అర్హత లేనివారికి పన్ను శాఖ ఇచ్చే నెంబరు) ఉన్న పిల్లలకు కూడా ఇది వర్తించేది. అలాంటి రిటర్నులు నా చేత్తోనే ఎన్నో నింపాను. 2017 చివర వచ్చిన చట్టం 2018 నుంచి క్రెడిట్‌ను 2,000 చేస్తూనే, పిల్లవాడికి ఉద్యోగానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నెంబరు ఉండి తీరాలని షరతు పెట్టింది. ఆ నెంబరు లేని ఆధారితులకు 500 డాలర్ల వేరే క్రెడిట్ ఏర్పాటు చేసింది. 2025 జూలైలో వచ్చిన చట్టం 2,200కు పెంచింది, భార్యాభర్తల్లో కనీసం ఒకరికి కూడా అలాంటి నెంబరు ఉండాలంది. మీ ఇద్దరికీ, చిన్నదానికీ ఉన్నాయి కాబట్టి దాని విషయంలో ఇబ్బంది లేదు. పెద్దవాడు ఆదిత్య హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా మీద, ఉన్నాడు గనుక వాడికి సోషల్ సెక్యూరిటీ నెంబరు ఇవ్వరు, అందుకే వాడు 500 వైపు పడ్డాడు. ఇంకో తేడా కూడా ఉంది. 2,200లో 1,700 వరకు, మీ సంపాదనను బట్టి, కట్టవలసిన పన్ను లేకపోయినా చేతికి వచ్చే అవకాశం ఉంటుంది. 500 మాత్రం ఉన్న పన్నును తగ్గించడానికే పనికివస్తుంది.

ఇక కిందటేడు జరిగిన పొరపాటు సంగతి. ఆ 500కు కావలసిన ఆదిత్య ఐటిన్ కోసం డబ్ల్యూ-7 ఫారంతో పాటు నోటరీ చేయించిన పాస్‌పోర్టు నకలు పంపారని, కొన్ని వారాలకు సీపీ567 అనే తిరస్కరణ నోటీసు వచ్చిందని చెప్పావు. నోటరీ ముద్ర పడిన కాగితం ఎక్కడైనా చెల్లుతుందన్నది మనవాళ్లలో గట్టిగా నాటుకున్న నమ్మకం. కానీ 2012 నుంచి ఐటిన్‌కు నోటరీ నకళ్లు అంగీకరించడం లేదు. అసలు పాస్‌పోర్టు కావాలి, లేదా దాన్ని జారీ చేసిన సంస్థే ధృవీకరించిన నకలు కావాలి. పాస్‌పోర్టును పోస్టులో పంపి వారాల తరబడి ఎదురుచూడడానికి నీకు మనసొప్పదని నాకు తెలుసు, మధ్యలో అత్యవసరంగా ప్రయాణం తగిలితే ఏం చేయాలన్న భయం నిజమైనదే. దానికి రెండు దారులున్నాయి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) అనుమతి పొందిన సర్టిఫైడ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లు పిల్లల పాస్‌పోర్టునూ జనన ధృవపత్రాన్నీ అక్కడికక్కడే చూసి ధృవీకరించి వెనక్కి ఇచ్చేస్తారు, కొంత రుసుము తీసుకుంటారు. లేదా ఐఆర్‌ఎస్ వారి టాక్స్‌పేయర్ అసిస్టెన్స్ సెంటర్లలో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళితే ఆ పని రుసుము లేకుండా చేస్తారు. నేనైతే రెండోదానికే వెళ్లమంటాను. అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమైతే ఏజెంటు దగ్గరికి వెళ్లు, ఆ రుసుముకు వెనకాడవద్దు.

పాస్‌పోర్టు విషయంలో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఆధారితుడైన పిల్లవాడి పాస్‌పోర్టులో అమెరికాలో ప్రవేశించిన తేదీ లేకపోతే, అది ఒక్కటే సరిపోదు. వాడు ఇక్కడే ఉంటున్నాడని చూపే పత్రం కూడా జతచేయాలి. ఆరేళ్లలోపు పిల్లలకైతే వైద్య రికార్డులు, ఆదిత్య వయసు పిల్లలకైతే బడి రికార్డులు అడుగుతారు. "ఈ పిల్లవాడు మా బడిలో చదువుతున్నాడు" అని టీచరు రాసిచ్చిన రెండు వాక్యాల ఉత్తరం పనికిరాదు. పిల్లవాడి పేరు, చదివిన సబ్జెక్టులు, వాటి గ్రేడ్లు, ఆ గ్రేడింగ్ కాలపు తేదీలు, బడి పేరు, చిరునామా అన్నీ ఉన్న ప్రోగ్రెస్ రిపోర్టు కావాలి, అదీ ఏడాదికన్నా పాతది కాకూడదు. అందులో పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

డబ్ల్యూ-7 నింపేటప్పుడు కారణం అడిగే చోట 'డి' గడిలో గుర్తు పెట్టాలి. వాడు మైనరు కాబట్టి సంతకం నువ్వో అల్లుడో చేసి, తల్లినో తండ్రినో అని పక్కన గుర్తు పెట్టాలి. సంతకం మరచిన ఫారాలు ఎన్ని తిరిగివచ్చాయో నేను కళ్లారా చూశాను. ఈసారి రిటర్ను ఈ-ఫైల్ చేయడానికి వీలుండదు. మొత్తం కాగితం మీద ముద్రించి, ఆదిత్య నెంబరు గడి ఖాళీగా వదిలి, మీ ఇద్దరూ సంతకాలు చేసి, పైన డబ్ల్యూ-7 పెట్టి, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఐటిన్ దరఖాస్తుల కోసం ఉన్న ప్రత్యేక చిరునామాకు, ట్రాకింగ్ ఉండేలా పంపాలి. మామూలు రిటర్నులు పంపే చిరునామా వేరు. సెంటరులో ధృవీకరణకు ఇస్తే అక్కడి ఉద్యోగే పంపుతారు. సాధారణంగా ఏడు వారాలు, ఈ సీజనులో తొమ్మిది నుంచి పదకొండు వారాలు పడుతుందని ఐఆర్‌ఎస్ తానే చెబుతుంది గనుక, అంతకుముందే రాలేదని గుండె పట్టుకోవద్దు. గడువులోపు దరఖాస్తు చేసి, దాని మీదే నెంబరు వస్తే, నెంబరు ఆలస్యంగా వచ్చినా గడువులోపు వచ్చినట్టే లెక్కవేస్తారు. కిందటేడు దరఖాస్తు గడువులోపే వెళ్లినా అది తిరస్కరణకు గురైంది, మళ్లీ వేసేలోపే గడువు దాటిపోయింది. మీరు పోగొట్టుకున్నది అక్కడే.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇప్పుడు చెబుతాను. అల్లుడి గ్రీన్‌కార్డు వరుసలో తేదీ ముందుకు కదిలి, ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసే రోజు వస్తే, "ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఉద్యోగ అనుమతి ఎందుకు" అని ఎవరైనా అన్నా వినవద్దు. ఆదిత్యకు కూడా ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) దరఖాస్తు పెట్టు, దానితో సోషల్ సెక్యూరిటీ నెంబరు కూడా కోరు. ఆ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద "డీహెచ్‌ఎస్ (హోంలాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతితో మాత్రమే పనికి చెల్లుతుంది" అని రాసి ఉన్నా, ఆ అనుమతి అమలులో ఉన్నంతకాలం క్రెడిట్‌కు అది సరిపోతుంది. ఆనాటి నుంచి వాడు 500 వైపు నుంచి 2,200 వైపుకు వస్తాడు. అయితే ఇక్కడ తేదీ చాలా కఠినమైనది. ఆ నెంబరు, రిటర్ను గడువు, లేదా పొడిగించిన గడువు, ముగిసేలోపు జారీ అయి ఉండాలి. తర్వాత వచ్చిన నెంబరుతో పాత సంవత్సరాల రిటర్నులు సవరించి ఈ క్రెడిట్ అడగడానికి 2015 చట్టం తలుపు మూసేసింది. అందుకని ఏప్రిల్ 15 నాటికి నెంబరు దారిలో ఉందనిపిస్తే, ఫారం 4868 వేసి అక్టోబరు 15 వరకు గడువు తెచ్చుకోవాలి. అది దాఖలుకు పొడిగింపే గాని పన్ను కట్టడానికి కాదు, బాకీ ఉంటే ఏప్రిల్‌లోనే కట్టాలి. నాకు తెలిసిన ఒక దంపతులు తొందరపడి ఏప్రిల్ మొదటివారంలో రిటర్ను వేశారు, పొడిగింపు తీసుకోలేదు, నెంబరు మే నెలలో వచ్చింది. ఆ ఇల్లాలు నా ఎదుట కూర్చుని రెండు తేదీలనూ మార్చి మార్చి చూసుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చిన్నదాని కార్డు ఒకసారి తీసి చూడు. ఈ-ఫైల్ చేసినప్పుడు కంప్యూటరు ముందుగా ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలను సోషల్ సెక్యూరిటీ వారి దగ్గరున్న పేరుతో సరిపోలుస్తుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి ఫారంలో ఇంటిపేరు గడిలో మీ పెదనాన్న పేరు, పేరు గడిలో ఇంటిపేరూ కలిపి నేనే రాసిచ్చాను. బాలింతగా ఉండి, రెండోసారి చదువుకోకుండా సంతకం పెట్టాను. ఆ ఏడాది మా రిటర్ను రెండుసార్లు తిరిగివచ్చింది. ముందు జనన ధృవపత్రం దిద్దించి, తర్వాత కార్డు మార్పించుకునేసరికి వేసవి దాటింది. మన ఇంటిపేర్లు ముందుంటాయి, ఇక్కడి ఫారాల్లో వెనక ఉంటాయి. రిటర్నులో పేరు మీరు ఇంట్లో పిలుచుకునేట్టు కాకుండా కార్డులో ఉన్నట్టే రాయండి.

మీ అమ్మ చిన్నదాన్ని ఎనిమిది నెలలు తన దగ్గర పెట్టుకుంటానంటోందని విన్నాను. పంపాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం, అందులో నేను తలదూర్చను. కాని ఈ క్రెడిట్‌కు పిల్లవాడు సంవత్సరంలో సగానికి పైగా మీతో ఉండాలని తెలిసే నిర్ణయం తీసుకోండి. సెలవులకో, వైద్యానికో, చదువుకో కొన్నాళ్లు దూరంగా ఉండడాన్ని తాత్కాలికంగా పరిగణిస్తారు, ఎనిమిది నెలలు అమ్మమ్మ దగ్గర పెరగడాన్ని అలాగే చూస్తారని ధైర్యంగా చెప్పలేను. పంపదలిస్తే ఒకే సంవత్సరంలో ఆరు నెలలు నిండకుండా, రెండు సంవత్సరాల్లో పడేలా చూడండి. అలాగే డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు కూడా ఆ ఏడాది క్రెడిట్ పూర్తిగా వస్తుందని తెలుసుకో, ఇది మీ మరిదివాళ్లకు ఉపయోగపడవచ్చు.

డేకేర్ ఖర్చుల క్రెడిట్ వేరు. దానికి ఆదిత్య ఐటిన్ చాలు, వాడి బడి అయ్యాక ఉంచే చోటుకు కట్టిన డబ్బు కూడా పదమూడేళ్లలోపు కాబట్టి లెక్కకు వస్తుంది. భార్యాభర్తలిద్దరూ పని చేస్తూ ఉండాలి గనుక, నీకు ఈఏడీ రాకముందు కట్టిన నెలలు వదిలేసి ఉద్యోగంలో చేరిన తర్వాతవే తీసుకో. ఇద్దరు పిల్లలకు 2025లో 6,000 డాలర్ల ఖర్చు వరకు చూస్తారు, మీ ఆదాయానికి అందులో 20 శాతం వస్తుంది. అల్లుడి కంపెనీలో డిపెండెంట్ కేర్ ఖాతాలో పెట్టిన సొమ్ము ఆ 6,000లోంచి తీసివేయాలి. డేకేర్ వారి పన్ను నెంబరు ఫారం 2441లో రాయాలి కాబట్టి డబ్ల్యూ-10 ఫారం ఇచ్చి అడుగు. ఇవ్వకపోతే వారి పేరు, చిరునామా రాసి, నువ్వు అడిగిన సంగతి చెబుతూ వివరణ జతచేయవచ్చు.

మీకు తెలిసిన ఆ రిటర్నులు నింపే మనిషి పెద్దవాడికి కూడా పూర్తి క్రెడిట్ తెప్పిస్తానన్నాడని చెప్పావు. అతని దగ్గరికి మళ్లీ వెళ్లవద్దని ఖచ్చితంగా చెబుతున్నాను. వచ్చే రీఫండులో వాటా అడిగేవాడినీ, రిటర్నులో తన పీటిన్ నెంబరు (రిటర్నులు నింపేవారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు నెంబరు) వేసి సంతకం పెట్టనివాడినీ నమ్మకూడదు. లెక్కచేయక తప్పుగా అడిగినట్టు తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్ అడగకుండా నిషేధిస్తారు. ఆ శిక్ష సంతకం పెట్టిన మీకే పడుతుంది, నిజంగా అర్హురాలైన చిన్నదాని డబ్బు కూడా దానితో ఆగిపోతుంది. ఇప్పటికే జీతంలో ఎంత పన్ను కోయాలో చెబుతూ అల్లుడు కంపెనీలో ఇచ్చిన డబ్ల్యూ-4 ఫారంలో ఇద్దరినీ పూర్తి క్రెడిట్ కింద చూపించి ఉంటే, ఆదిత్యను 500 వరుసలోకి మార్చమను. లేకపోతే జీతంలో పన్ను తక్కువ కోసి, ఏప్రిల్‌లో మీరే ఎదురు కట్టవలసి వస్తుంది.

ఐఆర్‌ఎస్ నుంచి ఉత్తరం వస్తే భయపడి సొరుగులో పెట్టవద్దు. కుడివైపు మూలన నోటీసు నెంబరు ఉంటుంది. సీపీ565 అయితే ఐటిన్ వచ్చిందని, సీపీ566 అయితే ఇంకా ఏదో పత్రం కావాలని అర్థం. లెక్క సరిదిద్దామని వచ్చే సీపీ12తో ఏకీభవించకపోతే 60 రోజుల్లోపు చెప్పాలి, ఆ గడువు దాటితే ఆ మార్పు మీద టాక్స్ కోర్టుకు వెళ్లే హక్కు కూడా పోతుంది. ఐటిన్ విషయంలో తప్ప, మిగతా నోటీసులకు జవాబు రాసేటప్పుడు అసలు పత్రాలు నీ దగ్గరే ఉంచుకుని నకళ్లు పంపు. నెలలు గడిచినా కదలక, ఇంటి అద్దెకే ఇబ్బంది పడే పరిస్థితి వస్తే, ఐఆర్‌ఎస్‌లోనే స్వతంత్రంగా పనిచేసే టాక్స్‌పేయర్ అడ్వొకేట్ కార్యాలయం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. ఫారం 911తో వారిని ఆశ్రయించవచ్చు, వారు రుసుము తీసుకోరు.

ఈ శనివారంలోపు ఆదిత్య పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ, వీసా పేజీ, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ ఫోటోలు తీసి నాకు పంపు. ముద్ర సరిగ్గా కనబడకపోతే సోమవారం పొద్దున్నే వాడి బడి ఆఫీసుకు వెళ్లి ప్రోగ్రెస్ రిపోర్టు అడుగు. డబ్ల్యూ-7 పెన్నుతో కాకుండా ముందు పెన్సిలుతో నింపి పెట్టు, ఆదివారం సాయంత్రం ఫోనులో గడి గడీ కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ