బడ్జెట్ హియరింగ్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

మీ రాష్ట్ర శాసనసభ బడ్జెట్ కమిటీ ముందు నువ్వు మాట్లాడబోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పడమేమిటి, చాటింపే వేశాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. వికలాంగుల ఉపాధి శిక్షణకు డబ్బు ఎలా వస్తుందో, ఎలా జారిపోతుందో మా రాష్ట్రంలో ఆ శాఖ లెక్కలు రాస్తూ రిటైరయ్యేదాకా చూసినదాన్ని. మీ రాష్ట్రం వేరైనా అమెరికా అంతటా ఫెడరల్ రూల్సు, అంటే కేంద్ర ప్రభుత్వ రూల్సు, ఒక్కటే.

చిన్న పనులు ముందు. పేరు ముందే నమోదు చేయించుకో. రెండు నిమిషాలిస్తే రెండే మాట్లాడు. కాపీలు తీసుకెళ్లు. మైకు నిలబడేవాళ్ల ఎత్తులో పెడతారు, నీ వీల్‌చెయిర్‌కి అందేలా దించమని ముందు రోజే ఫోన్ చెయ్యి. బ్యాగులో తినడానికేమన్నా పెట్టుకో. నీ వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

నువ్వు పంపిన ప్రాక్టీస్ వీడియో చూశాను. "మాకు సాయం చేయండి" అన్నావు. ఆ మాట ఎవరు నేర్పారే నీకు? చిన్నప్పుడు గుడి మెట్ల దగ్గర ఎవరో నీ ఒళ్లో చిల్లర వేస్తే విసిరికొట్టినదానివి! నీ కథ అరనిమిషం చెప్పు, చాలు. అంతకు మించితే వాళ్లు కళ్లు తుడుచుకుంటారు, నీ ధైర్యాన్ని మెచ్చుకుంటారు, తర్వాతి అంశంలోకి వెళ్లిపోతారు.

మిగిలిన టైమంతా లెక్క చెప్పు. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం కింద ఈ సేవలకయ్యే ఖర్చులో 78.7 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది, 21.3 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం 2,13,000 డాలర్లు పెడితే అటునుంచి 7,87,000 వస్తాయి, మొత్తం పది లక్షలు. మ్యాచింగ్‌లో, అంటే రాష్ట్రం పెట్టాల్సిన ఆ వాటాలో, ఒక డాలర్ కోస్తే దానికి రావాల్సిన 3 డాలర్ల 69 సెంట్లు పోయినట్టే. మనం వాడుకోని ఆ డబ్బు మన పేరు మీద అక్కడ ఉండిపోదు. మ్యాచింగ్ పెట్టగలిగిన ఇంకో రాష్ట్రం పట్టుకుపోతుంది. పక్క రాష్ట్రానికి పోతుందంటే ఏ పార్టీవాడైనా తల ఎత్తి చూస్తాడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. రాబడి తగ్గిన ఒక ఏడాది మా డైరెక్టర్ని కమిటీ పిలిచింది. పేరెందుకులే, మంచి మనిషి. ఛైర్మన్ నవ్వుతూ, "ఈ ఒక్క ఏడాదికి సర్దుకోండి, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. మా డైరెక్టర్ మొహమాటానికి పోయి తలూపాడు. ఫైల్ మూసేశాడు. తెచ్చుకున్న అంకెలన్నీ అందులోనే ఉండిపోయాయి.

ఫెడరల్ వాటా ఆ మేరకు తగ్గింది. అక్కడితో ఆగలేదు. రాష్ట్రం సొంత ఖర్చు రెండేళ్ల కిందటి మొత్తం కంటే తగ్గితే, ఎంత తగ్గిందో అంత ఫెడరల్ గ్రాంటులోంచి కోస్తారు. ఆ దెబ్బ వేరే. అందరికీ డబ్బు చాలకపోతే 'ఆర్డర్ ఆఫ్ సెలక్షన్' పెట్టాలి, అంటే వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్లు ముందు, మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో. న్యాయమైన పద్ధతే. కానీ చివర నిలబడ్డవాడి మొహం చూస్తూ ఆ మాట చెప్పాలి కదా. యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్న కుర్రాడొకడు ఏసీ మెకానిక్ కోర్సులో సీటు కాగితం ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని మా ఆఫీసుకొచ్చేవాడు. చేరాల్సిన ఆఖరి తేదీ మీద పసుపు గీత. అర్హుడని తేల్చడం చట్టం చెప్పిన 60 రోజుల్లోపే అయిపోయింది. ఫీజు కట్టడానికే శాఖ దగ్గర డబ్బు లేదు. ఆ తేదీ దాటిపోయాక కూడా ఫోల్డర్ తెచ్చేవాడు.

మరుసటి ఏడాది డైరెక్టర్ పాత అంకె అడిగితే, "పోయినేడు దీంతోనే నడిపారుగా" అన్నారు. కోసిన అంకే అసలు అంకె అయి కూర్చుంది.

కాబట్టి "ఈ ఒక్క ఏడాదికే" అని ఎవరన్నా అంటే నవ్వకు, తల ఊపకు. రెండేళ్ల కిందట రాష్ట్రం ఎంత ఖర్చు పెట్టిందో అడుగు, మైకులో అడుగు, రికార్డులోకి ఎక్కనీ. కంపెనీలు గదులు, యంత్రాలు ఉచితంగా ఇస్తాయిగా అంటారు. బయటివాళ్లు వస్తురూపంలో ఇచ్చేవి మ్యాచింగ్ కింద లెక్కకు రావు. స్కూలు పిల్లల కోసం చేస్తున్నారుగా అని కూడా అనొచ్చు. 2014 చట్టం ప్రకారం ఫెడరల్ గ్రాంటులో కనీసం 15 శాతం విద్యార్థుల కోసమే పక్కన పెట్టాలి, దాన్ని పెద్దవాళ్లకు వాడటానికి వీల్లేదు. అందుకే కోత ముందు తగిలేది చదువు దాటినవాళ్లకి, నీ వయసువాళ్లకి.

ఇంకొకటి. చాలా రాష్ట్రాల బడ్జెట్ ఏడాది జూలై 1న మొదలవుతుంది, ఫెడరల్ ఏడాది అక్టోబర్ 1న. ఏ అంకె ఏ ఏడాదిదో కలిపేశావంటే వాళ్ల స్టాఫ్ అక్కడే పట్టుకుంటారు. మీ రాష్ట్రానిది ఏ నెలో చూసుకో.

తిట్టానని మొహం ముడుచుకోకు. ఆ కుర్చీలో నిన్ను చూసి వాళ్లు జాలిపడతారేమోనన్నదే నా భయం, నువ్వు తడబడతావని కాదు. డ్రాఫ్టు ఆదివారంలోగా పంపు. ఎర్ర పెన్ను తీసి పెట్టుకున్నాను.

మీ అత్త