ఉబుంటు సగంలో ఆగుతోందా? ముందు డిస్కును చూడండి

తిరుపతిలో మీ పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తుంటే ఫైళ్ల కాపీ సగంలో ఆగి ‘ఎర్రర్ 5’ వస్తోందన్నారు. డిస్కు నుంచి చదవడమో, దానిలో రాయడమో కుదరలేదని దాని అర్థం. పెన్‌డ్రైవ్ మార్చినా అదే వరస కాబట్టి నా అనుమానం హార్డ్ డిస్కు మీదే.

దయచేసి డిస్కును ఫార్మాట్ చేయకండి. అమ్మగారి ఫోటోలు అందులోనే ఉన్నాయన్నారు కదా, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు తెరిచి ముందు వాటిని వేరే డ్రైవులోకి తీసుకోండి. తర్వాత ‘డిస్క్స్’ అప్లికేషన్‌లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. 5, 197, 198 నంబరు వరుసల్లో సున్నా కాని సంఖ్యలు ఉండి, పెరుగుతూ పోతుంటే సెక్టార్లు (డిస్కులో డేటా దాచే చిన్న భాగాలు) పాడవుతున్నట్లే. అప్పుడు డిస్కు మార్చక తప్పదు.

199 మాత్రమే పెరుగుతుంటే తొందరపడి డిస్కు కొనకండి; అది డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల లెక్క, ఎక్కువగా కేబుల్ వల్లే వస్తాయి. చిత్తూరులో మా అన్నయ్య కంప్యూటర్‌కు ఇలాగే జరిగింది. మూత తీసి చూస్తే సాటా కేబుల్ (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే తీగ) కొన వదులై, వేలు తగిలితే ఊగుతోంది. కేబుల్ మార్చగానే అదే డిస్కులో ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. 199 దగ్గర పాత సంఖ్య తగ్గదు, కంగారుపడకండి; పెరగడం ఆగితే చాలు.

ఆ నాలుగు సంఖ్యలూ రాసి పంపండి, చూసి చెబుతాను.