వేలిముద్ర ఇచ్చేశాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. అగ్నివీర్ శిక్షణ ఇస్తామని కాలేజీకొచ్చినవాళ్లు ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు, వేలిముద్ర తీసుకున్నారు. పదో తరగతి ఒరిజినల్ కూడా అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, గుత్తి

జవాబు: ఒరిజినల్ ఇవ్వకండమ్మా. పదిహేడున్నర ఏళ్లు నిండితే జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో అబ్బాయే దరఖాస్తు చేసుకోవచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. సర్టిఫికెట్ వాళ్ల బీరువాలోకి వెళ్తే, శిక్షణ మధ్యలో మానేసినా ఫీజంతా కట్టేదాకా తిరిగి ఇవ్వకపోవచ్చు. సైన్యం నియామక ర్యాలీలో అధికారులకు చూపించాల్సింది ఆ ఒరిజినలే.

అసలు భయం వేలిముద్రతోనే. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉంటే, ఆధార్ నంబరు, వేలిముద్రతో మైక్రో ఏటీఎంలో (బ్యాంకు ప్రతినిధుల దగ్గరుండే చిన్న యంత్రం) డబ్బు తీయొచ్చు. ఓటీపీ అడగదు. వేలిముద్ర నకలు చేసి డబ్బు కాజేసే మోసాలు జరుగుతున్నాయి. అందుకే ఈరోజే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర పనిచేయకుండా ఆపే తాళం) పెట్టించండి. ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గరుండాలి, ఓటీపీ దానికే వస్తుంది. వేలిముద్రతో ఆధార్ సరిచూసే చోటికి వెళ్లేముందు మాత్రం లాక్ తాత్కాలికంగా తీయాలి, లేకపోతే అక్కడ ఫెయిలవుతుంది.

ఇకపై ఎవరడిగినా చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్సు మీద ఫొటోను తాకేలా అడ్డంగా 'శిక్షణ విచారణకు మాత్రమే' అని, తేదీ వేసి పెన్నుతో రాయండి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మిమ్మల్ని అడగకుండా తీసుకున్నవి తొలగించమని ప్రిన్సిపాల్ ద్వారా రాతపూర్వకంగా కోరండి, అందినట్టు నకలుపై సంతకం తీసుకోండి. ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.