నాన్నగారి కారుకు పని చేయించాలా, వేరే కారు కొనాలా: మేనకోడలికి ఒక ఉత్తరం

విజయవాడ

చి. వాణికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అత్తయ్య క్షేమం. అక్కడ నీవు, మా అక్కయ్య క్షేమమని తలుస్తాను.

నీకు రాజమహేంద్రవరం కళాశాలలో ఉద్యోగం ఖాయమైందని, కాకినాడ నుంచి రోజూ కారులోనే వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నావని, అందుకోసం 2,40,000 కిలోమీటర్లు తిరిగిన మీ నాన్నగారి డీజిలు డిజైరు కారుకు ఇంజను పని, సస్పెన్షన్ లాంటి కింద పని ఒకేసారి చేయించడానికి 95,000 రూపాయలకు ఎస్టిమేటు వేయించావని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ ఎస్టిమేటును నోటిమాటగా వదిలెయ్యకుండా, ఏ సామానుకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకున్నావని వినగానే, జీవితమంతా ఆటోనగర్ షెడ్డులో గడిపినవాడిగా నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. నా దగ్గరికి వచ్చిన పెద్ద పెద్ద ఉద్యోగస్తులు సైతం "మీరే చూసి చెయ్యండి" అని తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు, తరువాత బిల్లు చూసి పోట్లాడేవారు. కానీ సోమవారమే అడ్వాన్సు ఇచ్చేస్తున్నావన్న మాటతో ఆ గర్వం కంగారుగా మారింది. ఫోనులో చెబితే నేను అరుస్తాను, నీవు "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

టైర్లు, బ్యాటరీ, ఏ.సి. గ్యాసు ఏ కారుకైనా తప్పని ఖర్చులు కనుక వాటిని ఈ ఆలోచనలోకి తేవద్దు. క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కూడా అరుగుదల సామాన్లే. ఇన్ని కిలోమీటర్లకు అవి అరగకపోతేనే ఆశ్చర్యం. నీ ఎస్టిమేటులో నాకు అనుమానం కలిగించినది ఇంజను విప్పే పని ఒక్కటే. సరిగ్గా ఆయిలు మారుస్తూ వచ్చిన ఆ 1.3 లీటర్ల డీజిలు ఇంజనుకు రెండున్నర లక్షల కిలోమీటర్లు ఆఖరి దశ కాదు. పొగ నల్లగా వస్తున్నదని, బండి లాగడం లేదని చెప్పగానే ఇంజను విప్పడానికి సిద్ధపడే షెడ్లు చాలా ఉంటాయి. నల్లపొగ చాలాసార్లు డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల వల్ల, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో వల్ల, లేదా గాలి అందకపోవడం వల్ల వస్తుంది. నీలంపొగ అయితే ఆయిలు కాలుతున్నదని అర్థం. బండి వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే సిలిండరులోకి కూలెంటు (ఇంజనును చల్లబరిచే నీరు) దిగుతున్నదేమోనని చూడాలి.

రాత్రంతా ఆపి ఉంచిన బండిని ఉదయం నీవే స్టార్టు చెయ్యి, మెకానికు ముందుగా వేడి చేసి పెట్టకూడదు. మొదటి క్షణాల్లో గలగలమని గొలుసు శబ్దం వినిపిస్తే టైమింగ్ చెయిను సంగతి చూడాలి. తరువాత ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయించు. అక్కడి నుంచి గుప్పుగుప్పుమని పొగ తంతుంటే పిస్టన్ల పక్కనుంచి ఒత్తిడి కిందికి దిగిపోతున్నదన్న మాట. కూలెంటు డబ్బాలో ఆయిలు తెట్టె కనిపించినా, ఆగకుండా బుడగలు వచ్చినా ఇంజను హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించు. ఇవన్నీ చూశాక నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (లోపల ఎంత ఒత్తిడి వస్తున్నదో చూసేది) చేయించి, ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాయించు. అంకెలు దగ్గరదగ్గరగా, బాగా ఉంటే ఇంజను విప్పే పనిని ఆ జాబితాలోంచి కొట్టెయ్యమని నిర్మొహమాటంగా చెప్పు.

కానీ ఇదంతా రెండవ పని. మొదటి పని ఏమిటో చెప్పాలంటే మీ నాన్నగారి సంగతి ఒకటి రాయక తప్పదు. బావగారు నాకంటె పెద్దవారు, ఇప్పుడు మన మధ్య లేరు. ఆయన పొరపాటును ఎత్తి రాయడానికి చెయ్యి ఆడడం లేదు. అయినా నీవు ఇప్పుడు సరిగ్గా ఆ దారినే పోతున్నావు.

నీవు ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో ఆయన దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న ఒక తెల్ల డీజిలు కారు ఉండేది. సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంటి ముందు, పైన కప్పు లేకుండా, ఎండకూ వానకూ అక్కడే నిలబడేది. మొదట డీజిలు పంపు పని చేయించారు. కొన్ని నెలలకు సిలిండర్లు అరిగి ఇంజను బోరుకు వచ్చిందంటే నా దగ్గరికే విజయవాడ తీసుకువచ్చి రీబోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించి, క్రాంకు గ్రైండింగు కూడా చేయించారు. ఆ పని జరుగుతుండగా నేను పిట్‌లోకి దిగి పైకి చూస్తే, వెనుక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించిన చోట నేల రేకు తుప్పు పట్టి, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతోంది. ఆ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ (అడుగున ఇనుప చట్రం) లేదు. కమాన్ల బరువంతా మోసేది ఆ రేకే. "బావగారూ, ఇక దీనిమీద రూపాయి పెట్టకండి. ఇంజను కొత్తగా ఉండగానే, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి అమ్మేయండి" అన్నాను. ఆయన, "ఇంజనుకే ఇంత పోశానయ్యా, ఇప్పుడు అమ్మితే ఆ డబ్బంతా ఏట్లో పారేసినట్టే కదా" అన్నారు. కాకినాడ వెళ్ళాక ఎవరి చేతనో ఆ తుప్పు రేకు మీదే ఇంకో రేకు పెట్టి వెల్డింగు చేయించారు. వెల్డింగు పట్టుకోవడానికి కింద మంచి ఇనుము ఉండాలి కదా, తుప్పుకు ఏం పట్టుకుంటుంది?

ఆ తరువాత విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళి, సామానుతో, మీ అమ్మతో, నీతో రాత్రిపూట తిరిగి వస్తుండగా, తుని దాటి అన్నవరం చేరకముందు, కుడివైపు వెనుక కమాను ఆ రేకును చీల్చుకుని పైకి వచ్చేసింది. కారు ఒక పక్కకు కూలబడి, చక్రం బాడీకి ఒరుసుకుని, సగం రోడ్డు మీద, సగం మట్టిలో ఆగిపోయింది. ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి అంటున్న దానిని అప్పట్లో అయిదో నంబరు అనేవారు. ఆనాడు అక్కడ నడుమ డివైడరు కూడా లేదు. సన్నగా వాన పడుతున్నది కనుక మిమ్మల్నిద్దరినీ కారులోనే కూర్చోమని చెప్పి, ఆయన టార్చిలైటు పట్టుకుని కింద ఏమైందో వంగి చూస్తున్నారట. వెనుకనుంచి వచ్చిన లారీ ఆఖరి క్షణంలో పక్కకు కోసుకుని, కుడివైపు తలుపుల పొడవునా రాసుకుంటూ, అద్దాన్ని ఎగరగొట్టి వెళ్ళిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఈ సంగతి బావగారు నాకు ఏనాడూ చెప్పలేదు, చాలా ఏళ్ళ తరువాత అక్కయ్య చెప్పింది. ఆ కారు మాత్రం కొత్త పిస్టన్లతో సహా పాత ఇనుము వ్యాపారి దగ్గరికి వెళ్ళిందని నాకు తెలుసు.

అందులో తప్పు మరమ్మతు చేయించడం కాదు, వాణీ. ఆ రీబోరు మంచి పనే. ఎప్పటికైనా మార్చుకోగలిగిన ఇంజనును ముందు చూసి, మార్చలేని బాడీని ఆఖరున చూడడమే తప్పు. రెండవది, పెట్టేసిన డబ్బును చూసి పెట్టబోయే డబ్బును నిర్ణయించడం. నీ ఎస్టిమేటులో బాడీ కింద చూసినట్టు ఒక్క ముక్క కూడా లేదని అక్కయ్య చదివి వినిపించినప్పుడు నాకు అన్నవరం రోడ్డే గుర్తుకు వచ్చింది.

కనుక అడ్వాన్సు ఇవ్వకముందే కారును ర్యాంపు ఎక్కించు. డిజైరుకూ విడిగా చాసిస్ ఉండదు, బాడీయే దానికి ఎముకల గూడు. తలుపుల కింద పొడవునా ఉండే గట్లు, జాకీ పెట్టే చోట్లు, బానెట్టు ఎత్తితే షాక్ అబ్జార్బర్లు పైన బిగించి ఉండే గోపురాలు, వెనుక యాక్సిలు తగిలించిన చోట్లు, ఈ నాలుగింటినీ స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడమను. గట్టి రేకు ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న రేకు మందంగా మోగుతుంది. కొత్తగా నల్లటి అండర్‌కోటింగు పూసి ఉంటే గీకి చూడాలి, తుప్పును దాచడానికి అంతకంటె తేలిక మార్గం లేదు. తలుపు అంచులకు, డిక్కీ మూతకు పట్టిన తుప్పు టింకరింగుతో పోతుంది, దానికి బెంగపడవద్దు. ఆ నాలుగు చోట్లలో ఏ ఒక్కటి తిన్నా మాత్రం ఇంజను పని ఆలోచనే వద్దు.

నీ కారు బాగానే ఉంటుందని నాకు ఆశ ఉంది. 2012 డిసెంబరులో ఈ డిజైరు కొన్నాక బావగారు ముందు చేసిన పని ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించడం. వానాకాలం పోగానే మంచినీళ్ళతో కారు అడుగుభాగం కడిగించేవారు. ఎందుకంత శ్రద్ధ అని మీరంతా నవ్వేవారు. ఎందుకో నీకు ఇప్పుడు తెలిసింది. అయినా ఆశను నమ్ముకుని డబ్బు కట్టవద్దు.

బాడీ బాగుంటే లెక్క తేలికే. మరమ్మతు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మేయాలని చాలామంది అంటారు. ఆ లెక్క నాకు నచ్చదు. అమ్మగా వచ్చే డబ్బుకు ఈ 95,000 కలిపినా నీకు దొరికేది ఎవరిదో ఇంకొక పాత కారే, దాని రోగాలు నీకు తెలియవు. దానికి బదులు నెలవారీగా చూడు. ఈ కారు రిజిస్ట్రేషను 2027 డిసెంబరు దాకా, అంటే దాదాపు రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళకు 95,000 పంచితే నెలకు సుమారు 4,000. అనుకోని పనులకు మరో 2,000 పక్కన పెట్టుకో. కొత్త కారుకు ఆరు లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీ మీద అయిదేళ్ళకు నెల వాయిదా 12,450 రూపాయలకు దగ్గరగా వస్తుంది. ఇంజను విప్పే పని అవసరం లేదని తేలితే తేడా ఇంకా పెరుగుతుంది. ఇంకొక సంగతి: నీవు నెలకు మూడు వేల కిలోమీటర్లు తిప్పబోతున్నావు. రెండేళ్ళలో బండి మూడు లక్షలు దాటుతుంది. అందుకని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకో: ఈ మరమ్మతు తరువాత ఏడాదిలో ఇంత మొత్తం మించితే అమ్మేస్తానని. పని మధ్యలో, ఇంజను ముక్కలుగా బల్ల మీద పరిచి ఉన్నప్పుడు ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు.

పదేళ్ళు దాటిన డీజిలు కార్లు నడపకూడదట కదా అని అక్కయ్య భయపడుతున్నది. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానికి పెట్టిన కట్టడి, మన దగ్గర లేదు. ఇక్కడ పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, అయిదేళ్ళకొకసారి ఆర్.సి. పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి, ఇరవై ఏళ్ళు దాటని కార్లకు ఆ రుసుము 5,000 రూపాయలు, పైన హరిత పన్ను ఉంటుంది. తుక్కుకే వెయ్యాల్సివస్తే పాత ఇనుము వ్యాపారికి ఇవ్వవద్దు, గుర్తింపు ఉన్న స్క్రాపింగు కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్టు తీసుకో. ఆ సర్టిఫికెట్టు మీద కొత్త కారు రోడ్డు పన్నులో వ్యక్తిగత వాహనాలకు 25 శాతం దాకా రాయితీకి కేంద్రం వీలు కల్పించింది, మన ఆర్.టి.ఓ. కార్యాలయంలో ఎంత ఇస్తున్నారో అడుగు.

మార్చాలనే తేలితే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది కనుక, రెండు మూడేళ్ళ పాత కారు ధరను కొత్తదాని ధరతో పోల్చకుండా కొనవద్దు. సెకండ్ హ్యాండు అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. తుడిచి, సెంటు కొట్టి అమ్మే కార్లు ఎక్కడైనా తగలవచ్చు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టాయేమో చూడు. నీ పాత కారు ఎవరికి అమ్మినా, ఆర్.సి.లో పేరు మారేదాకా వెంటపడు. ఆర్.సి.లో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. కొన్నవాడు గుద్దితే పరిహారం కేసు నీ మెడకు చుట్టుకుంటుంది. నీ ఇన్సూరెన్సులోని నో క్లెయిమ్ బోనసు మాత్రం కారుతో పోదు, కాగితం తీసుకుని కొత్త పాలసీకి వాడుకో.

మరమ్మతే చేయిస్తే, డబ్బు సరిపోకపోతే టర్బో వాయిదా వెయ్యి, బ్రేకులు వాయిదా వెయ్యవద్దు. బ్రేకు ఆయిలు, రబ్బరు గొట్టాలు, స్టీరింగు జాయింట్లు మొదటి రోజే కొత్తవి వేయించు. నీవు రోజూ వెళ్ళే ఎ.డి.బి. రోడ్డు మీద చీకటి పడ్డాక బండి ఆగిపోతే ఏం చెయ్యాలో అక్కయ్యకూ చెప్పి ఉంచు. నాలుగు ఇండికేటర్లూ వేసి, మెరిసే త్రికోణాన్ని కనీసం యాభై మీటర్లు వెనుక పెట్టి, ఎంత వాన పడినా సరే కారు దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోను చెయ్యాలి. డిక్కీలో ఆ త్రికోణం ఉందో లేదో ఈ ఉత్తరం చదవడం పూర్తి కాగానే వెళ్ళి చూసిరా. బట్టల సంచుల కింద ఎక్కడో ఉంటే ఉన్నట్టు కాదు.

నాన్నగారి కారని అమ్మడానికి మనసు రావడం లేదని అక్కయ్యతో అన్నావట. అక్కయ్యకూ అంతే, నాకూ అంతే. కానీ ఆయనే ఉంటే, తుప్పు పట్టిన కారులో నిన్ను రాత్రిపూట పంపేవారా?

సోమవారం అడ్వాన్సు ఇవ్వవద్దు. ఆదివారం ర్యాంపు ఎక్కించి, నేను చెప్పిన నాలుగు చోట్లా గీకిన తరువాత ఫోటోలు తీసి వాట్సాపులో పంపు, కంప్రెషన్ అంకెల కాగితం కూడా పంపు. ఫోటో దూరం నుంచి తీసి పంపితే మళ్ళీ తీయిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య