మేడ మీద తేనెటీగల పెట్టె పెడితే కాలనీకి ఒరిగేదేంటి?

అడిగిన ప్రశ్న ఇది: "హాబీగా మేడ మీద ఒక తేనెటీగల పెట్టె పెట్టుకుంటే చుట్టుపక్కల వాళ్లకు నిజంగా ఉపయోగమా, లేక పక్కింటివాళ్లతో గొడవలేనా?"

రెండూనూ. కాకపోతే ఉపయోగం అందరూ చెప్పే చోట ఉండదు. "తేనెటీగ లేకపోతే కాపే లేదు" అని ఊదరగొట్టేవాళ్లను ఏ మొక్కకో చెప్పమని అడగండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అది తేనెటీగలు గూటికి చేరే వేళ. వంగ, టమాటా పువ్వులో పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఉంటుంది. పువ్వును పట్టుకుని జుమ్మని కుదిపితే బాగా రాలుతుంది. ఆ పని తుమ్మెదకు వచ్చు, తేనెటీగకు చేతకాదు. మామిడి పూత మీద ఎక్కువగా తిరిగేవి మామూలు ఈగలే.

తేడా కళ్లకు కట్టేది దోస, గుమ్మడి, కాకర పాదుల దగ్గర. వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పొద్దున్నే విచ్చుకుంటాయి, ఆ పూట దాటితే అంతే. పుప్పొడి చాలినంత అందని దోసపిందె ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయి వంకర తిరుగుతుంది, లేదంటే పసుపెక్కి రాలిపోతుంది. జనం దానికి ఎరువు తక్కువైందనుకుని యూరియా వేస్తారు! కిలోమీటరు లోపల ఎవరి పెరట్లో పాదు ఉన్నా మీ పెట్టెలోని ఈగలు అక్కడికి వెళ్లొస్తాయి. ఊరి చివర పొద్దుతిరుగుడు, ధనియాలు, ఉల్లి విత్తనం చేలు ఉంటే రైతుకూ లాభమే.

ఇంటికి మన నాటు రకం పుట్ట తేనెటీగే మేలు. ఇటాలియన్ ఈగలు తేనె ఎక్కువ పెడతాయి నిజమే, కానీ పూలు ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు లారీలో తిప్పేవాళ్లకే అవి గిట్టుబాటు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టాక చాలామంది ఇటాలియన్ ఈగల వైపు మళ్లారు. ఆ జబ్బు ఇప్పటికీ ఉంది. పిల్లపురుగు నీళ్ల సంచిలా ఉబ్బి గదిలోనే చస్తుంది, మందు లేదు.

పెట్టె కొనడం తేలిక, ఈగలను ఎక్కించడమే అసలు పని. గోడ తొర్రలోనో పాత మీటరు బాక్సులోనో తుట్టె దొరికితే సాయంత్రం ఐదు దాటాక మొదలుపెట్టండి, బయట తిరిగేవి కూడా అప్పటికి చేరతాయి. కొబ్బరి పీచు పొగ రెండు మూడు ఊపులు చాలు, ఎక్కువైతే రాణి బెదిరి లోపలికి దూరుతుంది. పదునైన కత్తితో పట్లు, అంటే మైనపు గదుల పలకలు, ఒక్కొక్కటే కోసి, పిల్లలున్న భాగాన్ని మాత్రం ఫ్రేములో ఇమిడేలా కత్తిరించి, తడిపిన అరటి నారతో రెండు చోట్ల కట్టాలి. పైభాగం పైకే ఉండాలి, ఎందుకంటే గదుల నోళ్లు కొద్దిగా పైకి వాలి ఉంటాయి. రెండు మూడు రోజుల్లో ఈగలు పట్టును మైనంతో అతికించుకుని, నారను కొరికి బయట పారేస్తాయి. తేనె ఉన్న పట్టును పెట్టెలో పెట్టకండి, కారితే తెల్లారేసరికి చీమలు బారులు కడతాయి.

రాణి లోపలికి చేరిందో లేదో గుమ్మం చూస్తే తెలుస్తుంది. కూలి ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ మిగతావాటిని పిలుస్తాయి. అప్పుడు రాణి గేటు (కూలి ఈగలను పోనిచ్చి రాణిని మాత్రం ఆపేది) గుమ్మానికి బిగించి, మూడు నాలుగు రోజులు ఉంచి తీసేయండి. వారం పాటు రోజూ రాత్రి చక్కెర పాకం ఇవ్వాలి. కిలో చక్కెరకు లీటరు నీళ్లు, పూటకు 200 మిల్లీలీటర్లు. పగలు ఇస్తే పక్క తుట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి.

అయినా లేచిపోతాయి. కారణాలు ఎప్పుడూ అవే: చీమలు, మైనపు పురుగు, ఆకలి, ఊరికే మూత తీసి చూడటం. స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. ఈగలు కప్పని ఖాళీ పట్టును తీసేయండి, మైనపు పురుగు గూడు అల్లేది దాని మీదే. వారానికోసారి పది నిమిషాలు చూసి అడుగు పలక ఊడిస్తే చాలు. మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవమని ఫొటోలు పెడతారు చూడండి, అది స్లొవేనియాకు చెందిన తేనెటీగల పెంపకం గురువు ఆంటన్ యాన్షా పుట్టినరోజు. అక్కడ పూలకాలం, మన దగ్గర రోహిణి కార్తె ముంగిట ఈగలు పస్తులుండే రోజులు. ఆ ఫొటో తీసే బదులు ఒక గ్లాసు పాకం పోయండి.

ఇక పక్కిల్లు. పెట్టె గుమ్మానికి నాలుగడుగుల ముందు ఆరేడు అడుగుల ఎత్తున గ్రీన్ నెట్ కడితే ఈగలు పైకి లేచి మనుషుల తలల మీదుగా పోతాయి. గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు పెట్టకపోతే ఎదురింటి కుళాయి దగ్గర చేరతాయి. రాత్రిళ్లు ట్యూబులైటు కింద రాలిపడేవి ఎక్కువగా కొండ తేనెటీగలు. సైజులో చాలా పెద్దవి, ఒకటి పక్కన పెట్టి చూపిస్తే నింద తప్పుతుంది. కుడితే ముల్లును గోటితో వెంటనే గీకెయ్యాలి. ఊపిరాడకపోయినా ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆస్పత్రికే, సున్నం పూస్తూ కూర్చోకూడదు.

తేనె ఏడాదికి నాలుగైదు కిలోలు వస్తే సంతోషించండి. పట్టులో ముప్పావు వంతు గదులకు మైనం మూత పడ్డాకే తీయాలి. తేమ 20 శాతం దాటితే సీసాలో పులిసి నురగ కడుతుంది. గడ్డకట్టినంత మాత్రాన కల్తీ కాదు, నీళ్లలో చుక్క వేసే పరీక్షతో ఏదీ తేలదు. కాలనీలో పంచేటప్పుడు ఏడాదిలోపు బిడ్డలున్న ఇంటికి మాత్రం విడిగా చెప్పండి, పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు ఇంకా పోలేదు. ఆ వయసులో తేనెతో బొట్యులిజం వచ్చే ప్రమాదం ఉంది.