ఇంటి వైఫైకి కలిపితేనే ల్యాప్‌టాప్ కూలిపోతుంటే

ఆఫీసులోనూ ఫోను హాట్‌స్పాట్ మీదా రోజంతా పనిచేసే ల్యాప్‌టాప్, ఇంటి వైఫైకి కలిపిన పది నిమిషాలకే నీలం తెర చూపించి రీస్టార్ట్ అవుతోందని, కనెక్షన్ మార్చమంటారా అని అడిగారు. అప్పుడే మార్చకండి. నేనూ ఈ బాధ పడినవాడినే.

సంక్రాంతికి తెనాలిలో మా ఇంటికి వెళ్లాను. అంతకు ముందు నెలే నాన్నగారు పాత రౌటర్ తీసేయించి, వైఫై 6 ఉన్న కొత్తది పెట్టించారు. హాల్లో కూర్చుని పని మొదలుపెడితే గంటలో మూడుసార్లు నీలం తెర. నెట్ కంపెనీ మనిషి వచ్చి, తన ఫోనులో స్పీడు చూపించి, లోపం ల్యాప్‌టాప్‌దే అన్నాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు రెండు గంటలు నడిపి చూసి, లోపమేమీ లేదన్నారు. ‘దానికి మన ఊరి గాలి పడటం లేదురా’ అని నాన్నగారు తేల్చేశారు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. ఫోన్లో మాట్లాడుతూ ల్యాప్‌టాప్‌ను వీధి అరుగు మీదికి తీసుకెళ్తే, అక్కడ ఒక్కసారీ ఆగేది కాదు. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టిన నిమిషానికే కూలేది. రెండు రోజులు అటూ ఇటూ మోశాక గానీ నాకు తట్టలేదు. వైఫై సిగ్నల్‌కు రెండు బ్యాండ్లుంటాయి: దూరం పోయే 2.4 గిగాహెర్ట్జ్, వేగమైన 5 గిగాహెర్ట్జ్. కొత్త రౌటర్ ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టుకుంది. రెండు గోడల అవతల ఉన్న అరుగు దాకా 5 సరిగా అందదు కాబట్టి అక్కడ 2.4 మీద నడిచేది. లోపలికి రాగానే 5కు మారేది, ఆ మారే చోటే కూలేది.

సిగ్నల్ ఎంత చెడ్డదైనా నెట్ ఆగాలి గానీ కంప్యూటర్ మొత్తం కూలకూడదు. కూలిందంటే వైఫై కార్డు డ్రైవర్ మీదే, అంటే ఆ కార్డును నడిపించే ప్రోగ్రామ్ మీదే, మొదటి అనుమానం. ఆఫీసు రౌటర్ దాని లోపాన్ని కదిలించదు, ఇంటి రౌటర్ కదిలిస్తుంది. అందుకే ఇద్దరు టెక్నీషియన్లూ తమ చోట బాగానే ఉందంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పరు.

ముందు ల్యాన్ కేబుల్‌తో అదే రౌటర్‌కు కలిపి ఒక పూట నడపండి. నిలకడగా ఉంటే డ్రైవర్ మీది అనుమానం గట్టిపడినట్టే. కేబుల్ మీద కూడా కూలితే వీపీఎన్‌నో, యాంటీవైరస్‌నో తీసేసి చూడండి. అవి కూడా నెట్‌వర్క్ దారిలో తమ డ్రైవర్లను కూర్చోబెడతాయి. ఇంకో సంగతి: ఇంట్లో మారేది నెట్ ఒక్కటే కాదు, ప్లగ్గు కూడా మారుతుంది. నీలం తెర రాకుండా ఠక్కున ఆరిపోతుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అనే నమోదు తెరిస్తే బగ్‌చెక్ కోడ్, అంటే నీలం తెర లోపం నంబరు, కనిపిస్తుంది. అది సున్నా అయితే నేను కరెంటు వైపు, వేడి వైపు ముందు చూస్తాను.

నీలం తెర వచ్చినప్పుడు అడుగున ఒక్కోసారి ఫైలు పేరు ఉంటుంది, ఫోనుతో ఫొటో తీసుకోండి. నా దాంట్లో అది వైఫై కార్డు డ్రైవర్ ఫైలే.

రౌటర్ ముట్టుకోకుండానే ఒక పరీక్ష చేయవచ్చు. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో 802.11 ఏఎక్స్ బదులు ఏసీ పెట్టండి. అంటే వైఫై 6 వదిలి దాని ముందు తరమైన వైఫై 5కు దిగడం. నాది ఆ సాయంత్రం నుంచే కూలడం మానేసింది. అసలు మందు మాత్రం ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో మీ మోడల్‌కు ఉన్న కొత్త డ్రైవర్. విండోస్ అప్‌డేట్ ‘అంతా తాజాగానే ఉంది’ అన్నా నమ్మకండి, నాకూ అలాగే చెప్పింది. ఆ ఫైలును హాట్‌స్పాట్ మీద దించుకోండి. ఇంటి వైఫై మీద దించబోయి నేను రెండుసార్లు సగంలో పోగొట్టుకున్నాను.

కొత్త డ్రైవర్ వేశాక ఏఎక్స్ మళ్లీ పెట్టాను, ఇప్పుడు హాల్లోనే పనిచేసుకుంటున్నాను. మీ తెర మీద వచ్చిన ఫైలు పేరు రాయండి, చూద్దాం.