సైబర్‌పంక్ కొనమంటావా అని అడిగిన మేనల్లుడికి

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరే అబ్బయ్యా,

నీ మెసేజ్ మూడు రోజుల కిందటే చూశాను. 'మామా, సైబర్‌పంక్ 2077 కొనమంటావా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు' అన్నావు. ఒక్క ముక్కలో అయితే ఆ కంప్యూటర్ గేమ్ కొనమనే చెప్తాను. కానీ ఇవాళ వద్దు, ఇప్పుడున్న లాప్‌టాప్‌తో అసలే వద్దు. ఎందుకో రాస్తాను, తీరిగ్గా చదువుకో. షాపు కట్టేసి అన్నం తిని కూర్చున్నా. మీ అత్త సీరియల్ చూస్తోంది, అది అయ్యేదాకా నన్ను పిలిచేవాళ్లు లేరు.

ముందు నీ లాప్‌టాప్ సంగతి. మీ నాన్న కొనిచ్చిన రోజు కాన్ఫిగరేషన్ చూసి సరేనంది నేనే కాబట్టి గుర్తుంది. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, తెర మీద బొమ్మలు గీసే జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డుకి 4 జీబీ మెమరీ. బీటెక్‌లో చేరే పిల్లాడికి అప్పట్లో అది ఎక్కువే. ఈ గేమ్ దగ్గరికి వచ్చేసరికి చాలడంలేదు. గేమ్ చేసిన కంపెనీ వాళ్లు 2023లో లెక్క మార్చారు. కనీసం 12 జీబీ ర్యామ్, 6 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1060 కార్డు, ఎస్ఎస్‌డీలో 70 జీబీ ఖాళీ ఉండాలన్నారు. పాత హార్డ్ డిస్క్ మీద నడిపితే మా పూచీ లేదన్నారు. హాయిగా నడవాలంటే 16 జీబీ ర్యామ్, ఆర్టీఎక్స్ 2060 సూపర్ కార్డు కావాలట.

అంటే నీ కార్డు గీత కింద ఉంది. అలాగని అసలు నడవదని కాదు. నీలాంటి 1650 లాప్‌టాప్‌లు మా షాపుకి తరచూ రిపేరుకి వస్తుంటాయి. అందులో రెండింటి మీద, వాటి ఓనర్లను అడిగే, ఆడి చూశాను. సెట్టింగులన్నీ బాగా తగ్గించి 'లో'లో పెట్టి ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేస్తే సెకనుకి 30, 40 ఫ్రేముల దాకా, అంటే అన్ని బొమ్మల దాకా, లాగింది. ఎఫ్ఎస్ఆర్ అంటే బొమ్మని చిన్నగా గీసి, సాగదీసి పెద్దగా చూపించడం. ముఖాల మీద కాస్త మసక వస్తుంది, అలవాటైపోతుంది. డీఎల్ఎస్ఎస్ అని అలాంటిదే ఇంకోటి గురించి అందరూ చెప్తారు, అది ఆర్టీఎక్స్ కార్డులకే, నీ మెనూలో వెతుక్కోకు. జనం కిక్కిరిసిన బజారులోకి వెళ్లినప్పుడు మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. 'క్రౌడ్ డెన్సిటీ' అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది తగ్గించు. మనుషులు పల్చబడతారు, గేమ్ ఊపిరి పీల్చుకుంటుంది.

ర్యామ్ విషయంలో మాత్రం సర్దుకోవడం కుదరదు. 8 జీబీలో విండోసే సగం తినేస్తుంది. నీ దాంట్లో రెండో స్లాట్ ఖాళీగా ఉంది, పోయినసారి విప్పినప్పుడు చూశాను. గేమ్ మీద పెట్టే డబ్బులో మొదటి వాటా దానికి తియ్యి. గేమ్ నచ్చకపోయినా ఆ ర్యామ్ నీ ప్రాజెక్టులకి పనికొస్తుంది.

ఇంకోటి, వేడి. మొన్న ఎండల్లో ఒక కుర్రాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు, గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి ఆఫ్ అయిపోతోందని. వెనక మూత విప్పాను. ఫ్యాన్‌కీ, గాలి బయటికి పోయే రాగి రేకులకీ మధ్య దుమ్ము అట్టకట్టి ఉంది. పాత పరుపులో దూదిలాగా ఒత్తుకుపోయి, పట్కారుతో పట్టి లాగితే చిరగకుండా ఒకే ముక్కగా ఊడొచ్చింది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండి పెచ్చులు లేచింది. తుడిచి కొత్త పేస్టు రాస్తే వేడి 97 డిగ్రీల నుంచి 82కి దిగింది. వాడు ఆడేది మంచం మీద, పరుపు మీద లాప్‌టాప్ పెట్టుకుని. కింద గాలి పీల్చే చిల్లులన్నీ మూసుకుపోతే అదేం చేస్తుంది పాపం! నువ్వూ అంతేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోహిణి కార్తెలో, మేడ మీది గదిలో, పరుపు మీద! ఒక చెక్క పీట వేసుకో, చాలు.

ఇప్పుడు గేమ్ దగ్గరికి వద్దాం. ఇది పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్లది. చేస్తున్నామని 2012లో చెప్పారు. 2020 ఏప్రిల్‌లో అన్నారు, సెప్టెంబర్ అన్నారు, నవంబర్ అన్నారు, చివరికి డిసెంబర్ 10న వదిలారు. జనం ముందే డబ్బు కట్టేసి ఎదురు చూశారు. తీరా వచ్చాక మంచి కంప్యూటర్ల మీద ఫర్వాలేదుగానీ టీవీకి తగిలించి ఆడే పాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద ఘోరం. కార్లు గాల్లో వేలాడేవి, మనుషులు చేతులు చాపుకుని బిగుసుకుపోయేవాళ్లు, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోయేది. వారం తిరగగానే పీఎస్4 చేసే సోనీ వాళ్లు తమ స్టోర్‌లోంచే తీసేసి, కొన్నవాళ్లకి డబ్బు వెనక్కిచ్చారు. అది మళ్లీ ఆ స్టోర్‌లోకి వచ్చేసరికి 2021 జూన్.

మీ నాన్న రొయ్యల చెరువు దగ్గర ఎన్నిసార్లు చూళ్లేదు నువ్వు? కొనేవాడు గట్టు మీదికొచ్చి, వల వేయించి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో కౌంట్ చూసుకున్నాకే రేటు మాట్లాడతాడు. చెరువులో రొయ్య పిల్లల్ని వదిలిన రోజే వచ్చి డబ్బు చేతిలో పెట్టిపోయేవాడు ఉన్నాడా మీ కొత్తపట్నంలో? ప్రీ-ఆర్డర్ అంటే అదే. ఏ గేమ్ అయినా సరే, రాకముందే డబ్బు కట్టకు.

మన ఇళ్లలో చేపల పులుసు వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది కదా, ఈ గేమ్ కూడా అంతేనని మా షాపులో కుర్రాడు అంటాడు. నేను ఒప్పుకోను. పులుసు దానంతటది ఊరుతుంది. ఇది సగం ఉడికిన అన్నం దించేసి, విస్తట్లో వడ్డించేసి, అందరూ తిట్టాక మళ్లీ పొయ్యి మీద పెట్టడం. కాకపోతే ఈసారి సరిగ్గానే ఉడికించారు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చింది. మన క్యారెక్టర్‌కి నేర్పించే విద్యల పట్టిక మొత్తం మార్చేశారు, అంతకు ముందు ఎక్కడినుంచో ఊడిపడే పోలీసులకి బుద్ధి నేర్పారు. అదే నెలలో ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ వచ్చింది. ఇప్పుడు నువ్వు కొనేది ఆ బాగుచేసిన గేమ్. మూడేళ్లు ఆగినవాడికి తక్కువ ధరకి మంచి సరుకు దొరికింది, మొదటిరోజు కొన్నవాడికి పాఠం దొరికింది.

కథ పెద్దగా చెప్పను. నైట్ సిటీ అనే ఊరు, అక్కడ మనుషులు చేతులూ కళ్లూ తీసేసి యంత్రాలు పెట్టించుకుంటారు. నీ పేరు వీ. నీ బుర్రలో ఒక చిప్ ఇరుక్కుంటుంది, అందులో ఎప్పుడో చచ్చిపోయిన ఒక రాక్ గాయకుడు ఉంటాడు. వాడి మొహం, గొంతూ కియాను రీవ్స్‌వి. నువ్వు మాట్లాడేటప్పుడల్లా పక్కన నిలబడి సణుగుతుంటాడు, మా నాన్న లాగా. అసలు కథ వరకే అయితే 25 గంటలు పడుతుంది.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ పెద్ద కథ కాదు. ఒక సందులో కూల్‌డ్రింకులు అమ్మే మెషీన్ ఒకటి ఉంటుంది, పేరు బ్రెండన్. దాని ముందు ఎవరో చెత్త డబ్బా అడ్డం పెట్టిపోతారు. కాస్త జరుపుతావా అని నిన్ను అడుగుతుంది. జరిపితే ఎంత సంబరపడుతుందో! ఇంకోసారి వెళితే ఎవడో దాని మీద రంగు పూసి పోతుంటాడు. మరోసారి వెళితే ఒకమ్మాయి దానితో తన గోడు చెప్పుకుంటూ ఉంటుంది. ఇందులో తుపాకీ పేలేది లేదు, డబ్బులొచ్చేది లేదు. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పను. నేను ఆ రాత్రి గేమ్ ఆపేసి బాల్కనీలో కాసేపు కూర్చున్నాను, అంతే చెప్తా. నీకు దారిలో ఆగి ఇలాంటి వాటితో మాట్లాడే ఓపిక ఉంటే ఈ గేమ్ నీకోసమే. టపటపా కాల్చుకుంటూ పోవడమే కావాలంటే నీ దగ్గరున్న ఫ్రీ గేములు చాలు, డబ్బు మిగుల్చుకో.

మనం వినాల్సింది ఇంగ్లీషే, తెలుగు లేదు. వీధి భాష, బూతులు, వాళ్లు కల్పించుకున్న మాటలు కలిసి వేగంగా పోతాయి. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకో, నేనూ అవి చదివే ఆడాను. అన్నట్టు ఇది 18 దాటిన వాళ్ల గేమ్. నీకు ఇరవై నిండబోతున్నాయి కాబట్టి నేను వద్దనను. కానీ హాల్లో టీవీకి తగిలించి ఆడావంటే, మీ అమ్మ టీ పట్టుకుని వెనక నిలబడే టైముకే రాకూడని సీను వస్తుంది. ఒంటి మీద బట్టలు ఉంచే ఆప్షన్ సెట్టింగుల్లో ఉంది, మొదటే ఆన్ చేసుకో. బూతులకి మందు లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకో.

ఎక్కడ కొనాలి అన్నదాన్లో నా మాట విను. మీ హాస్టల్ పిల్లలు రెండు దారులు చెప్తారు. ఒకటి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా దొంగ కాపీ ఎక్కించుకోవడం. వద్దు. క్రాక్ గేమ్ ఎక్కించుకున్న సిస్టమ్‌లు నా బల్ల మీదికి ఎన్ని వస్తాయో నాకు తెలుసు. గేమ్ ఆడకపోయినా ఫ్యాన్ గుయ్యిమంటూ ఉంటుంది, చూస్తే లోపల ఎవడో మన కరెంటుతో క్రిప్టో డబ్బు తవ్వుకుంటుంటాడు. రెండోది, మూడు వందలకే అకౌంట్ ఇస్తామని టెలిగ్రామ్‌లో తిరిగే వాళ్లు. ఇందులో నేనే పడ్డాను, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒకడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపాడు, ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని ఆడమన్నాడు. నలభై గంటలు ఆడాక విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. లాగిన్ అవబోతే పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. వాడికి మెసేజ్ పెడితే నన్నే బ్లాక్ చేశాడు. అదే అకౌంట్ ఇంకెంతమందికి అమ్మాడో! ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లు విప్పుతున్నవాణ్ణి, నన్ను ముంచింది మూడు వందల ఆశ.

కాబట్టి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోర్‌లోనే, నీ పేరు మీదే కొను. నేను చూసినప్పుడు మామూలు ధర 2,999 రూపాయలు. అంత పెట్టకు. జూన్ నెలాఖరులో సమ్మర్ సేల్, డిసెంబర్ నెలాఖరులో వింటర్ సేల్ వస్తాయి. ఈ గేమ్ సగం ధరకీ, ఇంకా కిందకీ రావడం నేనే చూశాను. ఇప్పుడే విష్‌లిస్ట్‌లో పెట్టుకో, తగ్గిన రోజు వాళ్లే మెయిల్ పంపుతారు. ఫాంటమ్ లిబర్టీ కూడా కలిపిన అల్టిమేట్ ఎడిషన్ ఊరిస్తుంది. ముందు మామూలుది చాలు. మొదటి నుంచి ఆడుతూ వెళ్తే ఆ అదనపు కథ తలుపు తెరుచుకునేది అసలు కథ సగం నడిచాక. అక్కడిదాకా వెళ్లావంటే అప్పుడు చూద్దాం.

కొన్నాక ఒక కిటుకు ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. చాలామంది ఆ రెండు గంటలూ వీకి ముక్కు, జుట్టు దిద్దడంలో గడిపేస్తారు. పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా ఆ టైము లెక్కలో పడుతుంది. నువ్వు గేమ్ తెరవగానే సెట్టింగుల్లోకి వెళ్లి బెంచ్‌మార్క్ నొక్కు. అది దానంతటదే గేమ్‌లోని ఊళ్లో తిరిగి, నీ లాప్‌టాప్ సెకనుకి ఎన్ని ఫ్రేములు లాగుతుందో చెప్తుంది. 30కి తక్కువ చూపిస్తే, సెట్టింగులు తగ్గించినా పెరగకపోతే, అక్కడే ఆపి రీఫండ్ అడుగు. మొహమాటం అక్కర్లేదు, అవతల ఉన్నది మన వీధి కొట్టువాడు కాదు.

అదే జరిగితే దిగులు పడకు. మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్ అని ఉంది. 2007, 2010, 2012ల్లో వచ్చిన మూడు గేములని సానబట్టి 2021లో ఒకే కట్టగా ఇచ్చారు. అంతరిక్షం, ఓడ, నీ వెంట ఒక జట్టు. నీ 1650 మీద సుఖంగా నడుస్తుంది. సేల్‌లో చాలా చవగ్గా వస్తుంది కూడా. మొదటి గేమ్‌లో నువ్వు ఎవరిని బతికించావో మూడో గేమ్ దాకా గుర్తు పెట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే మనుషుల మీద మమకారం పెంచడంలో నాకు అదే ఒక మెట్టు ఎక్కువ. డిస్క్‌లో మాత్రం 120 జీబీ అడుగుతుంది. స్టార్‌ఫీల్డ్ జోలికి పోకు. అది 16 జీబీ ర్యామ్‌తో మొదలెట్టి జీటీఎక్స్ 1070 టీఐ కార్డు కావాలంటుంది. వెయ్యికి పైగా గ్రహాలు పెట్టారుగానీ నేను దిగిన వాటిలో చాలా వరకు రాళ్లే.

డౌన్‌లోడ్ సంగతి నువ్వు ఆలోచించి ఉండవు. రోజుకి 2 జీబీ ఫోన్ డేటాతో 70 జీబీ దించాలంటే నెల దాటుతుంది, హాస్టల్ వైఫై సంగతి నువ్వే చెప్పావు. మా షాపులో ఫైబర్ ఉంది. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక, సేల్ మొదలైన ఆదివారం, పినాకిని రైలు ఎక్కి వచ్చెయ్. ర్యామ్ నేను తెప్పించి పెడతా, దుమ్ము దులుపుదాం, గేమ్ దిగేలోపు మీ అత్త చేసిన కొరమీను పులుసు తిని పడుకో. సాయంత్రం బెంచ్‌మార్క్ ఇద్దరం కలిసి చూద్దాం.

చార్జర్ మర్చిపోకు. పోయినసారి వట్టి లాప్‌టాప్ పట్టుకుని దిగావు.

మీ మామ